పగటి వెలుగులో చేపపిల్ల

ఇటీవల స్కాట్లండు సెలయేళ్లలో పెరిగే సాల్మన్ చేపపిల్లలను గురించి చదివాను. జీవశాస్త్రం నా విషయం కాదు. ముప్పది మూడేండ్లు ఛందస్సు, వ్యాకరణం చెప్పి విరమించినవాడను. అయినా ఆ ముచ్చట వారం రోజులుగా నన్ను వదలలేదు.

ఈ చేప సముద్రానికి పోకముందు మొదటి కొన్నేళ్లు మంచినీటిలోనే గడుపుతుంది. వేలెడంత పిల్ల. ఒంటిపై వేలిముద్రల వంటి నల్లని మచ్చలు. ప్రవాహానికి ఎదురుగా నిలిచి, కొట్టుకొనివచ్చే పురుగులను అందుకొని తింటుంది. నీటి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలకు దిగువకు పడిపోగానే దాని దినచర్య మారుతుంది. పగలంతా ఏటి అడుగున రాళ్ల సందులలో దాగి, చీకటి పడ్డాక మేతకు బయలుదేరుతుంది. (నిశాచరులనగానే మా పండితులకు రాక్షసులే స్ఫురిస్తారు. ఇక్కడ నిశాచరి ఒక పసికూన.) చలికి చేపపిల్ల ఈత మందగిస్తుంది, దానిని వేటాడే కొంగదీ నీటిపిల్లిదీ వెచ్చని నెత్తురు, వాటి చురుకు తగ్గదు. కనుక పగలు దాగడమే క్షేమం.

అయితే చీకటిలో మేత సరిగా కనబడదు. వెన్నెల రాత్రి సైతం పగటి నేర్పులో ఇంచుమించు మూడోవంతే చెల్లుతుందట.

మెట్‌కాఫ్, ఫ్రేజర్, బర్న్స్ అనే శాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించిన పరిశోధన దగ్గర నేను ఆగిపోయాను. మేత సమృద్ధిగా ఉన్నప్పుడు పిల్లలు పగటివేళ రాళ్ల చాటునే ఎక్కువగా ఉన్నాయి. మేత తగ్గితే పగలు బయట తిరగడం పెరిగింది. రాత్రి దొరికినది చాలనప్పుడు పగటి ప్రమాదానికి తలొగ్గక తప్పదు కదా! ఒడ్డున నిలిచి చూసేవానికి మాత్రం అది తెగింపుగానే తోస్తుంది.

నాకూ ఒకప్పుడు అలాగే తోచింది. 1988 ప్రాంతంలో ఏడవ తరగతి పిల్లవాడొకడు మధ్యాహ్నం గంట కొట్టగానే మాయమయ్యేవాడు. మిట్టయెండలో చింతచెట్లెక్కేవాడు, నిండుకాలువలో దిగి పీతలు పట్టేవాడు. ఈత రాదు. భయభక్తులు లేనివాడని గోడకుర్చీ వేయించాను. వాడు కిమ్మనలేదు. ఉదయం వాళ్లింట పొయ్యి వెలిగేది కాదని ఎంతోకాలానికి గాని నాకు తెలియలేదు.

బడిలో వండిన అన్నం మన ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ప్రాథమిక తరగతులకు మొదలై, మా ఉన్నత పాఠశాలకు మరి కొన్నేళ్లకు వచ్చింది. అప్పటికి వాడు బడి మాని చాలాకాలమైంది.