యంత్రం గీసిన గీత

కంప్యూటరు చిత్రకళ తొలినాళ్ల చరిత్ర తెలుసుకోవాలంటే కంప్యూటరు ముందు కూర్చుంటే చాలదు. కాగితాల పెట్టెలు విప్పాలి. ఈ సత్యం నాకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో బోధపడింది. శిక్షణ నిమిత్తం ఆ నగరానికి వెళ్లిన నేను, చరిత్ర విద్యార్థినన్న పాత మమకారంతో, కోరమాండల్ తీరపు కలంకారీ వస్త్రాలను చూడడానికి అక్కడ అడుగు పెట్టాను. చూసి వచ్చింది మాత్రం మరొకటి.

1968లో లండన్‌లో ‘సైబర్నెటిక్ సెరెండిపిటీ’ అనే ప్రదర్శన జరిగింది. దానికి సంబంధించిన ముద్రిత చిత్రాలను 1969లో సేకరించడంతో ఈ మ్యూజియంలో కంప్యూటరు కళకు చోటు లభించింది. దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత కంప్యూటర్ ఆర్ట్స్ సొసైటీ సేకరణ, అమెరికా కళాచరిత్రకారిణి పాట్రిక్ ప్రిన్స్ సేకరణ వచ్చి చేరాయి. చిత్రాలతో పాటు ఉత్తరాలు, ప్రదర్శనల ఆహ్వానపత్రాలు, పత్రికల కత్తిరింపులు కూడా వాటిలో ఉన్నాయి.

మొదట చూసినది, స్టుట్‌గార్ట్‌లో గణితం చదివిన ఫ్రీడర్ నాకే 1965లో పాల్ క్లీకి నివాళిగా రూపొందించిన చిత్రం. అడ్డంగా సాగే వంకర గీతల పట్టీలు, వాటి నడుమ నిలువు గీతల గుంపులు, అక్కడక్కడ వృత్తాలు. హద్దులు నిర్ణయించినవాడు మనిషి. వాటి లోపల గీత ఎక్కడ పడాలో తేల్చినవి యాదృచ్ఛిక సంఖ్యలు. నాటి ఆ యంత్రానికి చిత్రాన్ని చూపే తెర లేదు. రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ ద్వారా ఆదేశాలు అందుకొని ప్లాటరు సిరాతో గీసి ముగించిన తరువాతే చిత్రకారునికి తన చిత్రం కనబడేది.

తరువాతిది గేయోర్గ్ నేస్ చిత్రం ‘షోటర్’. ఆ మాటకు కంకర అని అర్థం. వరుసకు 12 చొప్పున 22 వరుసల చతురస్రాలు. పైన బారులు తీరి ఉన్నవి, కిందికి వచ్చేకొద్దీ ఒరిగి, చెదిరిపోతాయి. ఆ చెదురుబాటు చూస్తూ నేను చాలాసేపు కదలలేకపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కాయన్న ధీమాతో, గ్రామాలవారీ సర్వే ఫారాలను నాశనం చేయవచ్చునన్న ఉత్తర్వుపై నేనే సంతకం చేశాను. కొన్నేళ్లకు ఒక వృద్ధ నేత కార్మికుడు, పాత జాబితాలో తన పేరుందని నిరూపించుకోవడానికి వచ్చాడు. ఫ్లాపీలు భద్రంగానే ఉన్నాయి. ఒక్క అక్షరమూ తెరుచుకోలేదు. ఆయన నన్నేమీ అనలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆనాటి చిత్రాలు గీసిన యంత్రాలు ఏనాడో పని మానుకొన్నాయి. అయినా ఆ కళ ఎలా పుట్టిందో ఈనాడు మనం తెలుసుకోగలుగుతున్నామంటే, ఎవరో ఆహ్వానపత్రాన్ని సైతం పారవేయకపోవడమే కారణం. ఫలితాన్ని దాచినంత మాత్రాన చరిత్ర నిలవదు. అది రూపొందిన తీరును తెలిపే ఆనవాళ్లు కూడా దాచాలి.

తిరిగి వచ్చాక నేను ఒక నియమం పెట్టుకొన్నాను. పాత కాగితాలు తొలగించే ఫైలు నా బల్లపైకి వస్తే, వాటి కంప్యూటరు ప్రతిని నా కళ్లెదుట తెరిచి ఒక పేరు చదివి వినిపించమంటాను. ఆ తరువాతే సంతకం.