జాతి యను మాట

మన తెలుగున "జాతి" యను మాటవలె పెక్కు పనులు చేయు మాట మఱియొకటి యరుదు. మనుష్యజాతి యందుము, తెలుగుజాతి యందుము, జాతీయపతాక మందుము, జాతిగుఱ్ఱ మందుము, కోపము వచ్చినప్పుడు "జాతి తక్కువవాడ"ని తిట్టుదుము. ఒకచోట భూలోకవాసుల నందఱిని గలుపుకొను మాటయే మఱియొకచోట ప్రక్కయింటివానిని వెలివేయుచున్నది. నేను చరిత్రపాఠము చెప్పు తరగతులలో "జాతి యనగా దేశమా, కులమా, శరీరపు రంగా?" యను ప్రశ్న యేటేట నెవరో యొక విద్యార్థి యడుగుచునే యున్నాడు. గంట కొట్టులోపల దానికి జవాబు చెప్పుట సాధ్యము గాదు. పిల్లవాని ప్రశ్నను వాయిదా వేయవచ్చును గాని పోగొట్టరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. కావున నా జవాబు నీ వార్షిక సంచికయందు వ్రాయుచున్నాను.

ఈ యొక్క మాటలో నిమిడియున్న మూడు సంగతులను సమాజశాస్త్రజ్ఞులు వేఱుచేసి చూతురు. మొదటిది, చర్మము, వెండ్రుకలు, ముక్కు మొదలగు లక్షణములనుబట్టి మనుష్యులను భాగించుట; దీనిని శరీరజాతి యందము. రెండవది, భాష, ఆచారము, పాట, వంట, పూర్వుల జ్ఞాపకము, వీనివలన నొక జనము తన్ను దా నొక్కటిగా నెంచుకొనుట. దీనిని జనవర్గ మందము. మూడవది, అట్టి భేదమును సాకుగా జేసికొని యొకనికి రావలసినదానిని రానీయకుండుట, ఇది వివక్ష. మొదటిది చాలవఱకు ఊహ, రెండవది అభిమానము, మూడవది చేత. ఈ మూటిని గలిపివేయుటయే పెక్కు కీడులకు మొదలు.

శరీరజాతి యను నూహ యెట్లు పుట్టినదో చూడుడు. జర్మనీదేశమున గ్యోట్టింగెన్ విశ్వవిద్యాలయమునందలి బ్లూమెన్‌బాఖ్ అను వైద్యపండితుడు 1795 సం॥రమున మానవుల నైదు తెగలుగా జెప్పి, ఐరోపావారు చేరిన తెగకు "కాకేసియను" అని పేరిడెను. ఆయన సేకరించిన పుఱ్ఱెలలో కాకసస్ పర్వతప్రాంతమగు జార్జియాకు జెందిన స్త్రీ పుఱ్ఱె యొకటి యాయన కంటికి మిక్కిలి యందముగా దోచెనట! ఒక పండితుని సౌందర్యాభిరుచి యిట్లు లోకమునకు శాస్త్ర మయ్యెను. అయినను ఒక తెగ యెచ్చట ముగిసి మఱియొక తెగ యెచ్చట మొదలగునో గీత గీయుట సాధ్యము గాదని యాయనయే వ్రాసియుండెను. చదివినవా రైదు పేళ్లను జ్ఞాపకముంచుకొని యా హెచ్చరికను మఱచిరి.

ఆ హెచ్చరికయే నిజమని తరువాతి శాస్త్రము తేల్చినది. 1972 సం॥రమున రిచర్డ్ లెవాంటిన్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు పలుదేశముల జనుల రక్తమునందలి పదార్థముల భేదములను లెక్కించెను. మానవులలోని వంశపారంపర్య భేదములలో నూటికి సుమారు 85 పాళ్లు ఒక్కొక్క జనము లోపలనే యున్నవి. పెద్ద జాతులనబడువాని నడుమ నున్నవి 6 పాళ్లు మాత్రమే. ఇక చర్మపు రంగన్ననో, అది సూర్యుని వెలుతురునకు శరీరము వేలయేండ్లుగా జెప్పుకొన్న జవాబు. ఎండ మెండుగానున్న ఆఫ్రికాలోను, మన దక్షిణదేశమునను, పసిఫిక్ దీవులలోను జనులు నల్లగానుండుట సూర్యుని పని. వారందఱు దగ్గఱచుట్టములని దాని కర్థము గాదు.

అది కేవలము ఊహయే యైనచో మనకేమి బాధ యని యడుగవచ్చును. ఊహ చట్టమున కెక్కినప్పుడు సంకెల యగును. అమెరికాలో 1790 సం॥రపు చట్టము, పరదేశులలో దాస్యములేని తెల్లవారు మాత్రమే పౌరులు కావచ్చునని విధించెను. 1870 లో నాఫ్రికా సంతతివారికి గూడ ఆ తలుపు తెఱచిరి, ఆసియావారికి తెఱవలేదు. జపానులో బుట్టి, అమెరికాలో జదివి, ఇంట నింగ్లీషే మాటలాడుచు నిరువదియేండ్లు కాపురమున్న టకావో ఓజావా యనునతడు పౌరసత్వమును గోరుచు, తన చర్మమును తెల్లనిదే యని వాదించెను. 1922 నవంబరు 13వ తేదీన ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, "తెల్లవాడనగా రంగు గాదు, కాకేసియను జాతివాడు" అను భావముతో నాతనిని ద్రోసివేసెను.

మూడు నెలలు గడచినవి. పంజాబులో బుట్టి, మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున జేరిన భగత్‌సింగ్ థిండ్ అదే న్యాయస్థానము నెదుట నిలిచెను. నాటి పుస్తకములు ఉత్తర హిందూదేశవాసులను కాకేసియనులనియే వ్రాయుచుండెను. కాబట్టి మొన్నటి తీర్పుచొప్పున నాతడు గెలువవలసినది గదా? 1923 ఫిబ్రవరి 19వ తేదీన న్యాయమూర్తులు, పుస్తకము లేమి చెప్పినను సామాన్యజనుడు తెల్లవాడని యెంచువాడే తెల్లవాడని తీర్పిచ్చిరి. రెండు తీర్పులను వ్రాసినవాడు సదర్లాండ్ అను నొక్క న్యాయమూర్తియే. మొదటి మనుష్యుని కొలుచుటకు శాస్త్రమును గైకొనిరి. రెండవవానికి శాస్త్రము పనికివచ్చునప్పటికి దానిని బాఱవైచిరి. అంతకుముందే పౌరులైన పెక్కుమంది భారతీయుల పౌరసత్వమునుగూడ ప్రభుత్వము లాగికొనెను. భారతీయులకు మరల నా తలుపు తెఱచిన చట్టము 1946 లో వచ్చెను. నేడు ఆ దేశమున గాపురమున్న తెలుగు కుటుంబముల పిల్ల లీ కథను దెలిసికొనదగును.

ఈ కథలో నన్ను మిక్కిలి నొప్పించు సంగతి మఱియొకటి గలదు. థిండ్ పక్షమువారు జాతిగీత తప్పని వాదింపలేదు. ఆతడు ఉన్నతకులజుడనియు, స్వదేశమున ఆతనివంటివారు తక్కువవారితో పెండ్లిసంబంధములు చేయరనియు, అందుచే రక్తము స్వచ్ఛమనియు వాదించిరి. ఒక గీతచే వెలియైనవాడు, గీతను జెఱుపుమనక, తనకు క్రింద మఱియొక గీతను జూపించి లోపలికి రానిండని వేడుకొనుట యిది! వివక్ష యింతకాలము బ్రదికియుండుటకు ఈ వేడుకోలు పెద్ద కారణమని నా నమ్మకము.

దక్షిణాఫ్రికా సంగతి తెలుగువారికి మఱింత దగ్గఱది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి "ట్రూరో" యను ఓడ కూలివాండ్రతో డర్బను రేవు జేరెను. 1911 వఱకు నట్లు నేటాలుకు బోయిన భారతీయులు లక్షా యేబదివేలకు పైబడిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. చెఱకుతోటలలో గష్టపడుచు వారు భాషను, పండుగలను నిలుపుకొనిరి. 1931 లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ఇది జనవర్గాభిమానము, దీనివలన నెవ్వరికి నష్టము లేదు. కాని 1950 సం॥రపు జనసంఖ్యా నమోదు చట్టము ప్రతి మనుష్యుని పేరునకెదుట నొక జాతిని వ్రాయించెను. చూచుటకెట్లున్నాడు, ఇరుగుపొరుగువా రేమనుకొందురు, ఇవియే నాటి ప్రమాణములు. సందేహము గలిగినచో వెండ్రుకలలో బెన్సిలు గ్రుచ్చి, అది జాఱిపడునా, నిలుచునా యని చూచిన యధికారులును గలరు. ఒక్క తల్లి బిడ్డలే వేఱువేఱు జాతులుగా వ్రాయబడిరి. అదే యేటి మఱియొక చట్టము, ఏ జాతివా రెచ్చట గాపురముండవలెనో శాసించెను. డర్బనులో భారతీయ కుటుంబములు పాత యిండ్లు విడిచి చాట్స్‌వర్త్‌కు బోవలసివచ్చెను. నమోదు చట్టము 1991 లో రద్దయినది; 1994 లో అందఱును సమముగా నోటు వేసిరి. 1950 లో వ్రాసిన గీత 1991 లో జెఱిగినది. సృష్టిలోనిదే యైనచో శాసనసభ దానిని జెఱుపగలదా?

ఇక మన యింటి సంగతి. మద్రాసు మ్యూజియము నధికారియైన థర్‌స్టన్ మన దక్షిణదేశపు కులములవారి తలలను, ముక్కులను గొలిచి, 1909 లో నేడు సంపుటములు ప్రకటించెను. ఉత్తరమున రిస్లే దొర ముక్కు వెడల్పునుబట్టి కులగౌరవమును లెక్కింపజూచెను. డాక్టరు అంబేద్కరు 1936 లో దీనిని ఖండించుచు, కులభేదము జాతిభేదము గాదని, మద్రాసు బ్రాహ్మణుడును మద్రాసు పఱియయు నొక్క జాతివారే యని చూపెను. కావున కులమును శరీరజాతియు నొకటి గావు. కాని రెండింటి పేర జరుగు చేత మాత్రము ఒక్కటియే.

ఆ చేతను నే నెఱుగుదును. శిక్షణ ముగించి యుద్యోగమునకై యొక పట్టణమునకు బోయినప్పుడు అద్దెయింటికై తిరిగితిని. ఒక యింటి యజమాని యాదరముతో మంచినీళ్లిచ్చి, జీతమడిగి, అద్దె కుదిర్చి, వాకిటివఱకు వచ్చి, "ఇంతకూ మీరేమిట్లండీ?" యనెను. తెలుగుసీమలో నీ ప్రశ్నకు అర్థ మందఱికి దెలియును. నా జవాబు విని యాయన కోపపడలేదు; పరుషమాడలేదు. "మా తమ్ముడు వచ్చునేమో కనుక్కొని కబురంపెదనండీ" యనెను. ఆ కబురు నేటికిని రాలేదు. 1950 జనవరి 26వ తేదీనుండి మన రాజ్యాంగము 17వ యధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. నిజమే, కాని యింత మర్యాదగా మూయబడిన తలుపును ఏ పోలీసువాడు పట్టుకొనగలడు? మన క్రైస్తవులమును తప్పించుకొనలేము. దక్షిణదేశమున గొన్ని సంఘములవారు గుడిలో వేఱుగా గూర్చుండుటయే గాక, సమాధితోటలోను గోడ గట్టుకొనిరి.

ప్రియ విద్యార్థులారా, తెలుగువారమని గర్వించుడు. మీ తాతల పాటలను, మాటలను మఱువకుడు. అది మీ సొత్తు. కాని "ఆ జాతివారట్టివారు" అను మాట చెవిని బడినప్పుడెల్ల మూడు ప్రశ్న లడుగుడు. ఈ గీతను గీసినవా రెవరు? కొలత యేది, అది యందఱికి నొక్కటియేనా? దీనివలన నెవరికి బడి, బావి, ఇల్లు, ఉద్యోగము దక్కకపోవుచున్నది? తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. మీ పిల్లవాడు క్రొత్త స్నేహితుని వెంటబెట్టుకొని యింటికి వచ్చినప్పుడు ఆ బిడ్డ పేరడుగుడు, ఆకలియా యని యడుగుడు. "మీరేమిట్లు?" అని మాత్రము అడుగకుడు.