తూము ఎక్కడుంది?

“నాన్నా, ఇంక దీనివల్ల కాదు. కొత్తది కొనేద్దాం” అన్నాడు మావాడు హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చి. ఫోర్ట్‌నైట్‌లో సరిగ్గా ఎదుటివాడు తుపాకీ ఎత్తే వేళకే తెర మీది బొమ్మ కొయ్యబారిపోతోందట. వాడి బల్ల కింద రొదపెడుతున్న ఆ పెట్టెను 2017లో నేనే బిగించాను. రైజెన్ 5 1600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 కార్డు, 8 జీబీ ర్యామ్. ఆ ఏడాది ర్యామ్ ధరలు మండిపోతుంటే “రెండోది తర్వాత చూద్దాంలే” అని ఒక్క స్టిక్కే పెట్టాను. ఎనిమిదేళ్ళయినా ఆ ‘తర్వాత’ రాలేదు.

దానికి తోడు విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసే 2025 అక్టోబరు 14 దగ్గరపడింది. విండోస్ 11కి పోదామంటే, అది ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో మొదటి తరం రైజెన్ లేదు. శనివారం భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే తలా ఒక సలహా. “పన్నెండు వందలు పెడితే కొత్తదే వస్తుంది బావా” అన్నాడొకడు. “ముందు గ్రాఫిక్స్ కార్డు మార్చు” అన్నాడింకొకడు. మావాడి ఓటు కూడా ఇప్పుడు కార్డుకే మారింది. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చే దారిలో, కారులోనే బడ్జెట్ ప్రవేశపెట్టింది: “మూడు వందలు. పైన ఒక్క డాలరైనా నన్నడగొద్దు.”

ఇలాంటి లెక్క నాకు కొత్త కాదు. 2002లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనందరి సీటీసీలో, నా మొదటి అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాను. రెండేళ్ళకే అది నత్తలా నడవడం మొదలుపెట్టింది. ప్రాసెసర్ మార్చాలేమోనని భుజాన వేసుకుని మళ్ళీ అక్కడికే పట్టుకెళితే, కొట్టాయన మూత తీసి, తెర చూసి, “మీకు కావలసింది 128 ఎంబీ ర్యామ్, అంతే” అని తేల్చేశాడు. పెద్ద బేరం పోతుందని తెలిసీ ఆ మాట చెప్పాడు. ఏం కొనాలన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది ముందు చూడాలని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

అందుకే మావాణ్ణి ఆట ఆడమని, పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను. ప్రాసెసర్ 95 శాతం దగ్గర ఆయాసపడుతోంది. ర్యామ్ దాదాపు నిండిపోయింది. కార్డు మాత్రం 55 దగ్గర తీరిగ్గా ఉంది. “మా ఊరి చెరువు నిండా నీళ్ళున్నా పొలానికి పారేది తూము పట్టినంతే. నువ్వడిగే కార్డు తెస్తే చెరువు పెద్దదవుతుంది, తూము అదే” అన్నాను. వాడికి తూమంటే ఏమిటో చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది, కాగితం మీద కట్ట, కాలువ, పొలం గీసి.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదని తేలింది. మా పాత ఏఎమ్4 మదర్‌బోర్డులోనే రైజెన్ 5 5600 కూర్చుంటుంది, అది విండోస్ 11 జాబితాలోనూ ఉంది. డాలస్‌లోని మైక్రో సెంటర్‌కి వెళ్ళి ప్రాసెసర్ 130 డాలర్లకి, 8 జీబీ ర్యామ్ స్టిక్ 22కి తెచ్చాం. టెక్సస్ పన్నుతో కలిపి 165 లోపే.

పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డుకి కొత్త బయోస్ ఎక్కించాలి. లేకపోతే కొత్తదాన్ని అది గుర్తుపట్టదు. మధ్యలో కరెంటు పోతే మాత్రం బోర్డు గోవిందా. ఆ నాలుగు నిమిషాలూ చిన్నప్పటి వేసవి కోతలన్నీ గుర్తొచ్చి ఊపిరి బిగబట్టాను. తర్వాత ప్రాసెసర్ మీది ఫ్యాను ఊడదీయాలి. ఎనిమిదేళ్ళ థర్మల్ పేస్టు ఎండి బంకలా పట్టేసుంటుంది. ఊరికే లాగితే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడొచ్చి, అడుగునున్న 1331 పిన్నుల్లో ఏదో ఒకటి వంగుతుంది. అందుకని కాసేపు ఆట ఆడించి, వేడెక్కాక ఆపి, స్క్రూలు విప్పి, ఆవకాయ జాడీ మూత కదిలించినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులుచేశాం.

అన్నీ బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర వెలగలేదు. మావాడి మొహం మాడిపోయింది. “నీ స్కూలు బ్యాగులో రబ్బరుందా?” అన్నాను. పాత ర్యామ్ స్టిక్ తీసి, దాని బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊది, మళ్ళీ టక్కుమనేదాకా నొక్కాను. ఈసారి తెర వెలిగింది. “ఇది యూట్యూబ్‌లో చూశావా?” అన్నాడు. సీటీసీలో చూశానన్నాను.

ఆ రాత్రి కొయ్యబారడం ఆగింది. మావాడు ఆటకంటే టాస్క్ మేనేజరే ఎక్కువ చూశాడు. “నాన్నా, ప్రాసెసర్ 60. కార్డు 99” అని, కాసేపు ఆలోచించి, “అయితే తూము ఇప్పుడు కార్డు దగ్గరికొచ్చిందన్నమాట” అన్నాడు.

మిగిలిన 135 డాలర్లని ఓ కవర్లో పెట్టి వాడి చేతికిచ్చాను. పుట్టినరోజు డబ్బులు కలిపితే వచ్చే వేసవికి కార్డు వస్తుందని వాడి లెక్క. తెలుగు రాయడం రాదు కనుక కవరు మీద ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు: తూము.