కోప్రా గట్టున రంగుల ఉల్లంకి

బిలాస్‌పూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారికి ఆదివారమంటే కాస్త ఆలస్యంగా లేవడం, సంతకు వెళ్లిరావడం, సాయంత్రం ఎవరింటనో కబుర్లు. రాజ్‌కిశోర్ నగర్‌లోని మా నలుగురికి మాత్రం నాలుగు గంటలకే తెల్లవారుతుంది. టార్చిలైటు, బైనాక్యులర్లు, కెమెరా, ఫ్లాస్కులో టీ సర్దుకుని అర్పా నది దాటి కోప్రా జలాశయం దారి పడతాము. ఇంట్లోవారి దృష్టిలో ఇదొక వ్యాధి. మేమూ కాదనము.

మూడేళ్లుగా మేము వెదుకుతున్నది రంగుల ఉల్లంకిని. ఇంగ్లీషువారు పెయింటెడ్ స్నైప్ అంటారు. పేరుకు ఉల్లంకియే గాని, శాస్త్రజ్ఞులు దీనిని అసలు ఉల్లంకుల కుటుంబంలో చేర్చరు. 1758లో లిన్నేయస్ దీనికి బెంగాలు పేరు తగిలించాడు గాని, ఆఫ్రికా నుండి ఆగ్నేయాసియా వరకు నివసించే పక్షి ఇది. పగలంతా తుంగదుబ్బుల నీడన కదలక కూర్చుండి, మునిమాపున, వేకువన మేతకు వెలువడుతుంది. అలికిడి అయితే చాలాసార్లు ఎగిరిపోదు, ఉన్నచోటనే బిగుసుకుంటుంది. ఆపైన బురదకూ దానికీ భేదం తెలియదు.

దీని సంసారం మరీ విచిత్రం. సొగసంతా ఆడపక్షిదే: ముదురు ఇటుకరంగు మెడ, కంటిచుట్టూ తెల్లని కాటుక. చీకటివేళ సీసా మూతిపై ఊదినట్లు పిలిచేదీ ఆమే. గుడ్లు పెట్టి, మరొక మగనిని వెదుక్కుంటూ వెళ్లిపోతుంది. ఆ నాలుగు గుడ్లూ పొదిగి పిల్లలను సాకే బాధ్యత మగపక్షిది. ఈ సంగతి చెప్పిన నాటినుండి మా ఇళ్లలో ఆ పక్షిపట్ల గౌరవం అమాంతం పెరిగింది.

2025 అక్టోబరులో మా బృందంలోని పెద్దాయన పదవీ విరమణకు సిద్ధమయ్యారు. మేమంతా ఆయనను గురువుగారనే పిలుస్తాము. నెలాఖరుకు శ్రీకాకుళం ప్రయాణం. అది ఆయనతో మా చివరి ఆదివారం.

ఇంకా పొద్దు పొడవలేదు. గట్టు కింద తుంగలోనుండి మగపక్షి బయటికి వచ్చింది. దాని వెనుక చారల నూగుతో మూడు పిల్లలు. మమ్మల్ని పసిగట్టి రెక్కలు విసనకర్రలా విప్పింది. రెక్కలనిండా పసిడి చుక్కలు. చూడముచ్చటగా ఉన్నా అది బెదిరింపు. పైన గద్ద ఒకటి తిరుగుతోంది.

"పది అడుగులు దిగితే వెలుగు కుదురుతుందండీ. మళ్లీ దొరకదు" అన్నాడు మాలో చిన్నవాడు.

"నాకు దొరక్కపోతే పోనీ నాయనా. మనం దిగితే అది లేస్తుంది. పిల్లలు చెదిరిపోతాయి" అన్నారు గురువుగారు. నిలుచున్న చోటినుండే రెండు ఫోటోలు తీసి, మమ్మల్ని వెనక్కి నడిపించారు.

ఒకటి పూర్తిగా మసక. రెండవదానిలో ఒక రెక్క స్పష్టంగా ఉంది. పిల్లను వేలుపెట్టి చూపితే గాని పోల్చుకోలేరు. ఆయన దానినే పెద్దదిగా వేయించుకుని వెంట తీసుకువెళ్లారు.

ఆ డిసెంబరులో కోప్రా రామ్‌సర్ జాబితాకెక్కింది. ఛత్తీస్‌గఢ్‌లో అదే మొదటిది. మన కొల్లేరుకు ఆ గౌరవం 2002లోనే దక్కింది. సంతోషించాము గాని, ఈ పక్షికి కావలసింది లోతు నీరు కాదు, అంచున ఉండే బురద, తుంగ. పొలాల నడుమనున్న పేరులేని మడుగులు ఏ జాబితాలోనూ లేవు. మట్టి తోలితే ఒక్క వేసవిలో మాయమవుతాయి.

ఈ వార్త చెప్పడానికి శ్రీకాకుళానికి ఫోను చేశాము. గురువుగారు అంతా విని, "గట్టు కింద తుంగ అలాగే ఉందా?" అని అడిగారు. ఉందని చెప్పాము.