ఎక్కకముందే ఎక్కిన రైడు

శంషాబాద్‌లో పెరిగినవాళ్లకు విమానం పొట్ట తెలుసు, లోపలి సీటు తెలియదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ మా నెత్తిమీదికి మారినప్పుడు నేను పలకా బలపం వయసులో ఉన్నాను. కొన్నేళ్లకే తోక మీది రంగు చూసి అది ఏ కంపెనీదో చెప్పేవాళ్లం. చక్రాలు ఎక్కడికి వచ్చాక దించుతాడో కూడా మాకు లెక్కే. మా గల్లీలో విమానం ఎక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు. కింద నిలబడి పైన జరిగేదంతా చెప్పే విద్య నాకు అట్లా అబ్బింది.

2016 ఏప్రిల్‌లో రావిర్యాల దగ్గర వండర్లా తెరిచారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాది 16వ ఎగ్జిట్, దానిది 13వది. మధ్యలో పెద్ద గోల్కొండ, తుక్కుగూడ, అంతే దూరం. అప్పటిదాకా మాకు వినోదమంటే ఊరికి ఆ చివరెక్కడో ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ, గండిపేట దగ్గర ఓషన్ పార్కు. అక్కడికి పోయొచ్చినవాళ్ల అన్నలు చెబితే వినడం. ఇప్పుడేమో బెంగళూరులో ఉన్నటువంటి పార్కు పొరుగూరికి వచ్చింది. 2000లో కొచ్చిలో మొదటిది కట్టి, 2005లో బెంగళూరులో రెండోది పెట్టినాయన వీ-గార్డ్ స్టెబిలైజర్ల చిట్టిలప్పిళ్లి అని నాన్న పేపర్లో చదివి చెప్పాడు. మా ఫ్రిజ్ వెనక గోడకు ఉన్నది ఆ స్టెబిలైజరే. "అట్లయితే మనకు టికెట్ తగ్గిస్తరా?" అని అడిగాను. నాన్న నవ్వాడు. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపే మనిషికి, ఇంటిల్లిపాదికీ టికెట్లంటే నవ్వడం ఒక్కటే ఫ్రీ.

ఎండాకాలం సెలవులు అట్లనే గడిచిపోయాయి. జూన్‌లో బడి తెరిచిన రోజు తొమ్మిదో తరగతిలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "వండర్లా పోయినవారా?" నేను "పోయొచ్చిన" అన్నాను. ముందుగా అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. చూడని సినిమా గురించో, చదవని పుస్తకం గురించో తలూపే ఉంటారు. తల ఊపి ఊరుకుంటే బతికిపోతాం. నేను ఊరుకోలేదు.

హైవే మీది హోర్డింగ్‌లో రోలర్ కోస్టర్ బొమ్మ చూశాను. పేరు రీకాయిల్. పేపర్‌లో పెట్టి పంచిన రంగుల కాగితం కూడా ఒకటి మా ఇంట్లో ఉంది. ఆ రెండింటి మీద నేను కట్టిన పార్కు రోజురోజుకీ పెద్దదైంది. రైలు ముందుకు మెల్లగా ఎక్కుతుందన్నాను. పైకి పోయాక కాసేపు ఆపుతారన్నాను. అక్కడి నుంచి మన ఎయిర్‌పోర్టు రన్‌వే మొత్తం కనిపిస్తదని, దిగే విమానాల్లోని వాళ్లు మనకు చేతులూపుతారని కూడా చెప్పాను. "నేను ఊపిన, ఒకామె ఊపింది" అన్న మాట కూడా నాదే. ఆ ఒకామె ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

రావిర్యాల నుంచి వచ్చే దోస్తు ఒకడు నా పక్క బెంచీలో కూర్చునేవాడు. అందరూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే వాడు ఒక్కటీ అడిగేవాడు కాదు. శ్రద్ధగా వినేవాడు. పాపం, పక్కనే ఉండి కూడా పోలేదు కాబట్టి సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

సెప్టెంబర్‌లో జియో వచ్చింది. ఫోన్ ఉన్న ప్రతి ఇంట్లో నెట్ పారింది. అప్పుడైనా ఆ రైడు ఎట్లా ఉంటుందో మామయ్య ఫోన్‌లో ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. అప్పటికి నా కథ నాకే బాగా నచ్చింది, నిజం చూస్తే అది పాడవుతుందనిపించింది. అబద్ధం చెప్పడం కన్నా ఇదే పెద్ద తెలివితక్కువ పని అనుకుంటాను.

దసరా తర్వాత బడిలో పిడుగు పడింది. తొమ్మిదో తరగతిని వండర్లా తీసుకుపోతున్నారు. నవంబర్‌లో పాత నోట్ల గొడవ వచ్చి డబ్బులు వసూలు కాక టూరు డిసెంబర్‌కు జరిగింది. నాన్న ఎట్లనో సర్ది ఇచ్చాడు. ఆ నెల రోజులూ నేనే క్లాసుకు గైడును. ఏం తేవాలి, ఏం తినాలి, ఏది ముందు ఎక్కాలి, అన్నీ నన్నే అడిగారు. నీళ్ల ఆటలకు కాటన్ బట్టలు తెచ్చుకోండి, ఒంటికి హాయిగా ఉంటాయని గట్టిగా చెప్పాను.

నీళ్లలోకి కాటన్ బట్టలతో రానివ్వరు. పోగులు ఊడి ఫిల్టర్లకు అడ్డం పడతాయట. నైలాన్ లాంటివే వేసుకోవాలి. నా మాట విన్నవాళ్లంతా చిరుతిళ్లకు తెచ్చుకున్న డబ్బులు పెట్టి అక్కడే నిక్కర్లు కొనుక్కున్నారు. "రూల్ మొన్ననే మార్చినట్టున్నరు" అన్నాను. నమ్మారు. వాళ్లు నమ్ముతుంటే నాకు మొదటిసారి కడుపులో ఏదో తిప్పింది. అప్పటికి ఇంకా ఏ రైడూ ఎక్కలేదు.

రీకాయిల్ దగ్గరికి వచ్చేసరికి ముందు వరస నాకే వదిలారు. పక్క సీట్లో రావిర్యాల దోస్తు. భుజాల మీదికి కడ్డీలు దిగాయి. నేను వెనక్కి తిరిగి "భయపడకుండ్రి, మెల్లగ ముందుకు పోతది" అని అరిచాను.

రైలు వెనక్కి కదిలింది.

"ఏందిరా, రివర్స్ పోతున్నది?" వెనక నుంచి ఎవడో అరిచాడు. "టెస్టింగ్" అన్నాను. టెస్టింగ్ అంటూనే మమ్మల్ని వీపు వైపుగా పది అంతస్తుల ఎత్తుకు లాక్కుపోయింది. ఎక్కిన ప్లాట్‌ఫాం కాళ్ల కింద అగ్గిపెట్టెంత అయింది. ఎయిర్‌పోర్టు లేదు, చేతులూపే ఆమె లేదు. వదిలేశాడు. తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. మూడుసార్లు తలకిందులయ్యామని చాలా తర్వాత తెలిసింది. చివరికి ఇంకో ఏటవాలు ఎక్కి ఆగాం. ముఖాలు ఆకాశంలోకి ఉన్నాయి. అయిపోయింది, బతికాననుకున్నాను. గైడు ఉద్యోగం గుర్తొచ్చి "ఇంతే, అయిపోయింది!" అని వెనకవాళ్లకు ప్రకటించాను.

పక్క నుంచి వాడు మెల్లగా, నాకు ఒక్కడికే వినబడేట్టు అన్నాడు. "అయిపోలేదురా. ఇప్పుడు ఇదే తొవ్వల ఎన్కకు పోతది. కడ్డీ గట్టిగ పట్టుకో."

అక్కడ ఆగింది కొన్ని క్షణాలే. కానీ జూన్ నుంచి డిసెంబర్ దాకా నేను చెప్పినదంతా ఆ క్షణాల్లో నా ముందు నుంచి నడిచిపోయింది. వీడికి తెలుసు. ఈ రైలు ఎట్లా పోతుందో వీడికి మొదటి రోజు నుంచే తెలుసు. నా పక్కన కూర్చుని, రన్‌వే ముచ్చటా చేతులూపిన ఆమె ముచ్చటా పూర్తిగా విన్నాడు. క్లాసు మొత్తంలో నిజం తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడే నోరు విప్పలేదు. భయం పోయి సిగ్గు వచ్చింది. అప్పుడే కింద పట్టు వదిలింది. అవే మూడు తలకిందులు, ఈసారి వెనక్కి. నేను అరిచిన అరుపు వండర్లా గేటు దాకా వినబడిందని మావాళ్లు అంటారు. అందులో కొంత అబద్ధం ఉండొచ్చు.

దిగాక ఎవరూ నన్ను నిలదీయలేదు. అందరికీ కాళ్లు వణుకుతున్నాయి. నా ముఖం చూస్తే ఎవరికైనా అర్థమయ్యే ఉంటుంది. నిక్కర్లు కొన్నవాళ్లకు డబ్బులు తిరిగి ఇస్తానని మనసులో అనుకున్నాను. ఇవ్వలేదు.

దోస్తు సంగతి తర్వాత తెలిసింది. పార్కు కట్టేటప్పుడు వాళ్ల నాన్న అక్కడ కూలికి పోయాడు. తెరవకముందు ఖాళీ రైలును అటూ ఇటూ నడిపించి చూస్తుంటే వీడు రోడ్డు మీద సైకిల్ ఆపి చూసేవాడట. ముందుకు ఎట్లా పోతుందో, వెనక్కి ఎట్లా వస్తుందో కంఠతా వచ్చు. తన ఊళ్లో కట్టిన పార్కు గురించి తొమ్మిదో తరగతి అంతటికీ చెప్పాల్సిన మనిషి వాడు. ఆ చోటు నేను ఆక్రమించాను. వాడు సిగ్గుపడుతున్నాడని జాలిపడ్డాను కూడా.

ఇప్పుడు వాడూ ఎయిర్‌పోర్టులోనే, కార్గో వైపు పని చేస్తున్నాడు. ఈమధ్య తుక్కుగూడలో చాయ్ తాగుతూ, అప్పుడు ఎందుకు నన్ను పట్టివ్వలేదురా అని అడిగాను. ఏదో పెద్ద మాట అంటాడని కాస్త సిద్ధపడే కూర్చున్నాను.

"ఎందుకు పట్టిస్తరా," అన్నాడు వాడు బిస్కెట్ ముంచుకుంటూ. "నువ్వు చెప్పిన వండర్లాల రైడ్లు ఎక్కువుండె."

చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను. నిక్కర్ల బాకీ ఇంకా అట్లనే ఉంది.