ముళ్ళున్న నందివర్ధనం

"అన్నా, మా బాబా వాళ్ళింటి ముందర ఒక చెట్టుంది. పూలు మల్లెల మాదిరి వాసనొస్తాయి, కోయబోతే గుచ్చుతాది. నువ్వొచ్చి చూడు" అని రాజంపేట తమ్ముడు రెండు శుక్రవారాలుగా ఫోన్లు. ఇక్కడ కువైట్‌లో ఇళ్ళ పనివాళ్ళకు యజమాని బాబా, యజమానురాలు మామా. మార్చి కదా, ఎండ ఇంకా ముదరలేదు. సాయంత్రం ఫర్వానియాలో బస్సెక్కి సబా అల్ సలేంలో దిగాను.

కువైట్ విల్లాల్లో తోట ప్రహరీ లోపల కంటే బయటే ఎక్కువ. గోడకూ రోడ్డుకూ నడుమనున్న ఇసుకలో కాగితప్పూలు, గన్నేర్లు, వాటి మొదళ్ళలో నల్లటి డ్రిప్ పైపులు. తమ్ముడిది ఇంటిపనివాళ్ళకిచ్చే 20వ నంబరు వీసా. పేరుకు డ్రైవరే గానీ, కారు కడిగాక ఈ కొమ్మలు కత్తిరించేదీ అతనే. చేతుల మీది గీతలు చూపించాడు.

నడుమెత్తు కంచె. మైనం రాసినట్టు మెరిసే దళసరి ఆకులు, రెండేసి ఎదురెదురుగా. తెల్లని పువ్వు, అయిదు రేకులు, గాలిమరలా ఒకే పక్కకు తిరిగి ఉన్నాయి. నందివర్ధనమే అనుకున్నా. ఆకు తుంచితే పాలూ కారాయి. మరి నందివర్ధనానికి ముల్లేది? ఇక్కడ కొమ్మకొమ్మకూ ముళ్ళే. అవీ వట్టి ముళ్ళు కావు, కొసన రెండుగా చీలిన పంగలకర్రలు. ఆకులు పక్కకు తోస్తే అడుగున ఎర్రటి పండు, కోలగా, నిమ్మకాయకు కాస్త తక్కువ.

"వాక్కాయరా ఇది!" అన్నాను. అందులో సగమే నిజం. వాక్కాయ పువ్వు ఇంకా చిన్నది, కాయ పండితే నల్లబడుతుంది. ఇది దాని దక్షిణాఫ్రికా చుట్టం, కరిస్సా మాక్రోకార్పా. నేటాల్ తీరపు ఇసుక దిబ్బల్లో పుట్టింది కాబట్టి ఉప్పుగాలికి జంకదు. ఇక్కణ్ణించి మెసీలా సముద్రం ఎంత దూరమని! అక్కడి జులూ వాళ్ళు ఈ పండ్లను 'అమతుంగులు' అంటారు. ఆ చివరి 'లు' వినగానే ప్రాణం లేచొస్తుంది గానీ, జులూలో బహువచనం మాటకు ముందు చేరుతుంది, ఆ 'అమ' అదే. మద్రాసులో కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న అదే నేటాల్ తీరంలోని డర్బన్ చేరింది. అలా చెరకు తోటల కూలికి నేటాల్ వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ ఈ కంప చూసి వాక్కాయనే తలుచుకొని ఉంటారని నా ఊహ.

"అయితే పప్పులో వేసుకోవచ్చా అన్నా?"

తమ్ముడి ధ్యాసంతా అక్కడే ఉంది. వాక్కాయను పచ్చిగానే పప్పులో వేస్తాం. దీన్ని అలా వేయకూడదు. గన్నేరు కుటుంబం, పాలున్న చెట్టు. బాగా ఎర్రబడి మెత్తబడ్డ పండు తప్ప ఇంకేదీ నోట పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. చొక్కాకు తుడిచి పండును గోటితో చీల్చాడు. ఎర్రని కండ మీద తెల్లని పాల చుక్కలు. నా వంక అనుమానంగా చూశాడు. ముందు నేనే తిన్నాను. తీపి, వెనకే పులుపు.

మిగతా సగం నోట్లో వేసుకుని, ఫోన్ తీసి ఇంటికి వీడియో కాల్ కలిపాడు. కెమెరాను ముల్లుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, "ఏం చెట్టో చెప్పు చూద్దాం" అన్నాడు.