బావి గోడ ముందు చూడమన్న గురువులు

భూగర్భజలాల సర్వేలో నేను పనిచేసినన్నాళ్లూ రైతులు నన్నడిగింది ఒక్కటే మాట: "సారూ, నీళ్లు పడతాయంటారా?" ఆగిరిపల్లి, నూజివీడు మెట్టలో ఆ మాట ఊరికే వచ్చేది కాదు. బోరుకని అప్పు తెచ్చి ఉంటారు. పిందె కట్టే వేళకు తోటకు తడి అందకపోతే చిన్నరసమైనా బంగినపల్లైనా రాలిపోతుంది, ఆ ఏటి ఆదాయం దాంతోనే పోతుంది. అలాంటి మనిషి ఎదుట నిలబడి "ఇక్కడ వెయ్యండి" అనో, "వద్దండి, మానుకోండి" అనో చెప్పగలిగానంటే అది నా గురువులు పెట్టిన భిక్ష. వాళ్లకు జరగాల్సిన సన్మానం గురించి చాలాకాలంగా నాలో ఒక ఆలోచన ఉంది.

ముందు ఇక్కడి నేల సంగతి చెప్పాలి. ఆగిరిపల్లి చుట్టుపక్కల కొండలు తూర్పు కనుమల కోవకు చెందినవి. రాయి ఖోండలైటు, చార్నొకైటు. ఖోండలైటు ముక్కను చేతిలోకి తీసుకుంటే ఎర్రటి గార్నెట్ గింజలు, తెల్లటి సిల్లిమనైటు పీచులు కంటికే కనిపిస్తాయి. ఇందులోని ఫెల్‌స్పార్ శిథిలమై తెల్ల సుద్దమట్టి అవుతుంది. అదే నూజివీడు అవతల గొల్లపల్లి వైపు వెళ్తే ఇసుకరాయి. ఆ ఊరి పేరు మీదనే విలియం కింగ్ 19వ శతాబ్దంలో 'గొల్లపల్లి ఇసుకరాయి' అని రాసిపెట్టాడు, నేటికీ శాస్త్రంలో అదే పేరు నడుస్తోంది. ఇసుకరాయిలో గింజల మధ్య సందుల్లో నీరు నిలుస్తుంది. మా గట్టిరాయిలో ఆ సందులుండవు. పైన శిథిలమైన పొర, కింద పగుళ్లు, నీరు దొరికితే ఈ రెంటిలోనే దొరకాలి. అందుకే ఒక తోటలో రెండంగుళాల నీళ్లు పోస్తున్న బోరుంటే, గట్టు అవతల తోటలో దుమ్ము లేస్తుంది.

నీటి జాడకు మేము వాడేది రెసిస్టివిటీ మీటరు. నాలుగు ఇనప కడ్డీలు ఒకే వరసలో దిగ్గొట్టి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. గట్టిరాయి కరెంటుకు బాగా అడ్డుపడుతుంది, తడి ఉన్న పొర అంతగా అడ్డుపడదు. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లుంబర్జే వందేళ్ల కిందట మొదలుపెట్టిన పద్ధతి ఇది. రీడింగులను లాగ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే పొరల లెక్క తెలుస్తుంది. అయితే ఖోండలైటు నేలలో ఒక చిక్కుంది. సుద్దమట్టి కూడా కరెంటును తేలిగ్గా పోనిస్తుంది. రీడింగు పడిపోయింది కదా అని బోరు వేస్తే తెల్ల బురద పైకొస్తుంది.

ఈ చిక్కు నాకు విప్పి చూపింది శిక్షణ రోజుల్లో మమ్మల్ని ఊళ్లంట తిప్పిన పెద్దాయన. ఆయన పేరు ఏ అవార్డు జాబితాలోనూ లేదు. తోటలో అడుగుపెట్టగానే మీటరు తీయనిచ్చేవారు కాదు. "ఏమయ్యా, దగ్గర్లో పాత బావుందేమో కనుక్కో" అనేవారు. ఆ బావిలోకి దిగి గోడను చేత్తో తడమాలి. మట్టి ఎన్నడుగులు, సుద్ద ఎక్కడ మొదలైంది, రాతి పలకలు ఎటు వాలాయి, ఊట ఏ పగులు నుంచి వస్తోంది, అన్నీ నోటుపుస్తకంలో బొమ్మ గీయించేవారు. పలకల వరస ఏ దిక్కుగా పోతోందో కంపాసుతో కొలిపించేవారు. ఈ ప్రాంతంలో ఆ వరస ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటుంది. దాన్ని పట్టుకుని నడిస్తే నీళ్లున్న బావులు ఎన్నోసార్లు ఒకదాని వెంట ఒకటి తగిలేవి. ఆ తర్వాతే మీటరు. బావి గోడలో సుద్ద మందం చూసుకున్నవాడికి కాగితం మీద గీతలో ఏది సుద్దో, ఏది నీరో విడదీసే వీలుంటుంది.

రిగ్గు నడుస్తున్నంతసేపూ ఆయన అక్కణ్ణించి కదిలేవారు కాదు. పదేసి అడుగులకు వచ్చే పొడిని వరసగా కుప్పలు పోయించి, ఒక్కో కుప్ప నుంచి చారెడు తీసి నీళ్లలో కడిగి చూపించేవారు. గార్నెట్ గింజలు మెరుస్తున్నాయా, తుప్పు రంగు అంటిన ముక్కలున్నాయా చూడమనేవారు. తుప్పు రంగుందంటే ఆ పగుళ్లలో నీరు తిరిగిన గుర్తు. రైతు కూడా పక్కన కూర్చుని కడగాల్సిందే. "ఏమండీ, రేపు మీ తమ్ముడి తోటలో బోరేసేటప్పుడు మేముండం. మీరే చూసుకోవాలి" అనేవారు. నేను చూసిన బోధనలో అంతకు మించినది లేదు.

ఈ పరంపరలో ముందు తలుచుకోవాల్సిన పేరు సి. మహాదేవన్. 1901లో పుట్టారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేశారు, హైదరాబాదు సంస్థానపు జియలాజికల్ సర్వేలో పనిచేశారు, ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూవిజ్ఞాన శాఖను నిలబెట్టారు. 1950ల్లో అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వస్తే, ఆయనతో కలిసి మన పిల్లలకు బంగాళాఖాతాన్నే ప్రయోగశాల చేశారు. 1961లో మహాదేవన్ షష్టిపూర్తికి భూవిజ్ఞానులు రాసిన పరిశోధన వ్యాసాలతో 'మహాదేవన్ వాల్యూమ్' వచ్చింది. సంపాదకత్వం ఎం.ఎస్. కృష్ణన్‌ది. మరుసటి ఏడే మహాదేవన్ కన్నుమూశారు. ఆంధ్ర తీరానికి అవతల సముద్రం అడుగునున్న ఒక లోయకు లాఫాండ్ ఆయన పేరు పెట్టారు. గురువుకు సన్మానమంటే ఇదీ! బతికుండగా చేతికి ఒక పుస్తకం, పోయాక పటం మీద ఒక పేరు.

మా పక్కనున్న కొండపల్లి పేరు వినగానే అందరికీ బొమ్మలు గుర్తొస్తాయి. భూవిజ్ఞానులకు గుర్తొచ్చేది ఉస్మానియా ఆచార్యులు సి. లీలానందం. 1960ల్లో ఆయన అక్కడి చార్నొకైట్ల ఖనిజాలను పరిశీలించి రాసిన వ్యాసాలు ఇప్పటికీ చదువుతారు. ఏల్చూరు, పురిమెట్ల దగ్గరి అరుదైన రాళ్లను శిష్యులతో కలిసి శోధించి, ఆ ప్రాంతానికంతటికీ 'ప్రకాశం ఆల్కలైన్ ప్రావిన్స్' అన్న పేరు స్థిరపరిచారు. తిరుపతిలో ఇ.ఎ.వి. ప్రసాద్ వరాహమిహిరుడి బృహత్సంహితలో చెట్లను, పుట్టలను బట్టి నీటి జాడ చెప్పిన అధ్యాయాన్ని భూవిజ్ఞాని కళ్లతో చదివి 1980లో పుస్తకం తెచ్చారు. రైతు "పుట్టుంది సారూ, నీళ్లుంటాయి" అంటే తోసిపుచ్చకుండా ఆ పుట్ట దాకా నడిచి వెళ్లడం నాకు ఆ పుస్తకంతోనే అలవాటైంది.

కేంద్ర గనుల శాఖ 1966లో నెలకొల్పిన జాతీయ ఖనిజ పురస్కారాలే ఇప్పటి నేషనల్ జియోసైన్స్ అవార్డులు. భూగర్భజలాల పనికీ వాటిలో చోటుంది. జీవిత సాఫల్యానికి ఒకటి, యువ శాస్త్రవేత్తకు ఒకటి ఇస్తారు. పాఠం చెప్పినందుకు, శిష్యులను తయారుచేసినందుకు విడిగా ఒకటి లేదు. ఉండి తీరాలి. గనిని కనిపెట్టినవాడి పని నివేదికలో కనిపిస్తుంది. మా పెద్దాయనలాంటి వారి పని శిష్యులు వేయించిన బోర్లలో, మాన్పించిన బోర్లలో ఉంటుంది. దాన్ని లెక్కగట్టగలిగినవాళ్లు ఆ శిష్యులే, కాబట్టి పేరు ప్రతిపాదించే బాధ్యతా వాళ్లదే.

ప్రభుత్వం తలచుకునేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. మీ ఇంట్లో, మీ బంధువుల ఇంట్లో భూవిజ్ఞానం చెప్పిన మాస్టారో, సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషో ఉంటే వారి ఫీల్డు నోటుపుస్తకాలు, చేత్తో గీసిన పటాలు అటక మీద ఉండే ఉంటాయి. పాత కాగితాలవాడికి వెయ్యకండి. మొదటి పేజీలో వారి పేరు, పనిచేసిన ఊళ్లు, సంవత్సరాలు రాసి దగ్గర్లోని విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖకో, జిల్లా భూగర్భజల శాఖ కార్యాలయానికో అప్పగించండి. వారు బతికుండగానే, వారిని వెంటబెట్టుకుని వెళ్లి ఇప్పించండి.